ఒక్క సర్వర్ కలిపితే డేటా అంతా ఎందుకు కదిలింది? క్లస్టర్‌లో పార్టిషన్ల పంపకం మొదటి నుంచి

మీ ఫోన్‌లో ప్రాసెసర్ లేటెస్ట్, ర్యామ్ 12 జీబీ, 5జీ ఫుల్ సిగ్నల్. అయినా ఫ్లాష్ సేల్ మొదలైన నిమిషంలో యాప్‌లో ఆ గుండ్రటి చక్రం తిరుగుతూనే ఉంటుంది. మనం ఫోన్‌ని తిట్టుకుంటాం, లేదంటే నెట్‌వర్క్‌ని తిట్టుకుంటాం. చాలాసార్లు తప్పు ఆ రెండిటిదీ కాదు. అవతల డేటాబేస్‌లో ఏ డేటా ఏ మెషీన్‌లో ఉండాలన్న లెక్క తప్పి ఉంటుంది.

ఈరోజు ఆ లెక్క గురించే మాట్లాడుకుందాం. డిస్ట్రిబ్యూటెడ్ డేటాబేస్‌లో డేటాని ముక్కలు చేసి నోడ్‌లకి ఎలా పంచుతారు? కొత్త నోడ్ వస్తే ఆ పంపకాన్ని ఎలా మారుస్తారు? మారుస్తున్నప్పుడు యాప్ ఆగకుండా ఎలా చూస్తారు? ఇంటర్వ్యూల్లో కూడా ఇది బాగా అడుగుతారు. కోడింగ్ రాకపోయినా పర్వాలేదు, భాగహారంలో శేషం అంటే తెలిస్తే చాలు.

ముందు నా తప్పు చెప్తా

బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో నా మొదటి ఉద్యోగం. మా యాప్‌లో డేటాబేస్ ముందు 4 కాష్ సర్వర్లు ఉండేవి. తరచూ అడిగే డేటా ర్యామ్‌లో పెట్టుకుని, వెంటనే ఇచ్చేయడం వాటి పని. మర్నాడు పెద్ద సేల్. లోడ్ తట్టుకోవడానికి ఇంకో సర్వర్ ఉంటే మంచిదని మధ్యాహ్నం పూట ఐదోది కలిపాను. కాన్ఫిగ్‌లో ఒక్క లైన్ మార్పు, అంతే.

రెండు నిమిషాల్లో డేటాబేస్ సీపీయూ 100 శాతానికి పోయింది. యాప్ మొత్తం ఆగింది. మా సీనియర్ పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"ఏం మార్చినవ్ రా?"

"ఏం లేదన్నా, ఒక్క సర్వరే కలిపినా."

"కోడ్‌ల సర్వర్‌ని ఎట్ల ఎంచుకుంటున్నమో చూసినవా?"

చూడలేదు. చూసి ఉంటే ఆ 40 నిమిషాల డౌన్‌టైమ్ ఉండేది కాదు.

శేషంతో వచ్చిన తంటా

మా కోడ్ చేసేది ఇదీ. ప్రతి కీని, అంటే యూజర్ ఐడీ లాంటి దాన్ని, హాష్ ఫంక్షన్‌లో వేస్తే ఒక నంబర్ వస్తుంది. ఆ నంబర్‌ని సర్వర్ల సంఖ్యతో భాగిస్తే వచ్చే శేషమే సర్వర్ నంబర్. 4 సర్వర్లు ఉంటే శేషం 0, 1, 2, 3లో ఏదో ఒకటి. సింపుల్, ఫాస్ట్, డేటా కూడా సమంగా పంచబడుతుంది. సర్వర్ల సంఖ్య మారనంత కాలం అంతా బాగానే ఉంటుంది.

ఇప్పుడు 4 కాస్తా 5 అయింది. కాగితం తీసుకుని 0 నుంచి 19 దాకా నంబర్లు రాసి చూడండి. 7ని 4తో భాగిస్తే శేషం 3, 5తో భాగిస్తే శేషం 2. అంటే అది సర్వర్ మారింది. 12కి 4తో శేషం 0, 5తో శేషం 2. అదీ మారింది. రెండు లెక్కల్లోనూ ఒకే శేషం వచ్చేవి 0, 1, 2, 3 మాత్రమే. 20లో 4. ఆ తర్వాతి 20 నంబర్లలో కూడా ఇదే కథ రిపీట్ అవుతుంది.

అంటే 80 శాతం కీలకి అడ్రస్ మారిపోయింది. నిజానికి కొత్త సర్వర్‌కి దాని వాటా ఇవ్వాలంటే 20 శాతం కదిలితే చాలు. మేం నాలుగు రెట్లు కదిపాం. కాష్ సర్వర్‌ని అడిగితే "నా దగ్గర లేదు" అంటుంది, దాంతో ఆ అడిగినవన్నీ ఒక్కసారిగా డేటాబేస్ మీద పడ్డాయి.

మాది కాష్ కాబట్టి 40 నిమిషాలతో పోయింది, అసలు డేటా డేటాబేస్‌లో భద్రంగానే ఉంది. అదే పద్ధతి అసలు డేటాబేస్‌లో వాడి ఉంటే? డేటా ఒక మెషీన్‌లో ఉంటుంది, యాప్ ఇంకో మెషీన్‌లో వెతుకుతుంది. వాలెట్‌లో డబ్బులున్న మనిషికి "మీకు అకౌంటే లేదు" అని చూపిస్తుంది. అందుకే ఈ సబ్జెక్ట్‌ని తేలిగ్గా తీసుకోకూడదు.

రింగ్ ఐడియా

ఈ సమస్యకి మంచి జవాబు 1997లో వచ్చింది. ఎంఐటీలో డేవిడ్ కార్గర్, ఆయన తోటివాళ్లు కన్సిస్టెంట్ హాషింగ్ అనే పద్ధతిని పేపర్‌గా రాశారు. ఆ పేపర్ రాసినవాళ్లలో టామ్ లైటన్, డేనియల్ లెవిన్ తర్వాత 1998లో అకమాయ్ కంపెనీ పెట్టారు.

ఐడియా ఇది. హాష్ నంబర్లన్నిటినీ గడియారంలా గుండ్రంగా ఊహించుకోండి. సర్వర్లని కూడా ఆ గుండ్రం మీద అక్కడక్కడా నిలబెట్టండి. ఒక కీ ఎక్కడ పడితే అక్కడి నుంచి ముందుకి నడుస్తూ పోతే మొదట తగిలే సర్వరే దాని ఓనర్. మధ్యలో కొత్త సర్వర్ వచ్చి నిలబడితే దాని ముందున్న ఒక్క సర్వర్ వాటాలోంచే కొంత వస్తుంది. మిగతావాళ్లు కదలక్కర్లేదు.

కానీ ఇందులో రెండు ఇబ్బందులున్నాయి. సర్వర్ల మధ్య దూరాలు సమంగా ఉండవు కాబట్టి ఒకరికి పెద్ద వాటా, ఇంకొకరికి చిన్న వాటా పడుతుంది. పైగా ఒక సర్వర్ పోతే దాని లోడ్ మొత్తం పక్కనున్న ఒక్కదాని మీదే పడుతుంది. దీనికి మందు వర్చువల్ నోడ్‌లు. ఒక్కో సర్వర్‌ని రింగ్ మీద ఒక్కచోట కాకుండా చాలా చోట్ల నిలబెడతారు. దాంతో వాటాలు సమం అవుతాయి, పోయిన సర్వర్ లోడ్ కూడా అందరికీ పంచబడుతుంది.

అమెజాన్ 2007లో బయటపెట్టిన డైనమో పేపర్‌లో ఇదే కనిపిస్తుంది. ఆ పేపర్ రాసినవాళ్లలో ఒకరైన అవినాష్ లక్ష్మణ్ తర్వాత ఫేస్‌బుక్‌కి వెళ్లి, ప్రశాంత్ మాలిక్‌తో కలిసి కసాండ్రా తయారుచేశారు. కసాండ్రాలో ఒక్కో నోడ్‌కి డిఫాల్ట్‌గా 256 చోట్లు ఉండేవి, 4.0 వెర్షన్‌లో దాన్ని 16కి తగ్గించారు. చోట్లు మరీ ఎక్కువైతే ప్రతి నోడ్ వాటా మిగతా నోడ్‌లన్నిటి వాటాలతో కలగలిసిపోతుంది. అప్పుడు పెద్ద క్లస్టర్‌లో ఏ రెండు నోడ్‌లు ఒకేసారి పడినా, ఏదో ఒక ముక్క డేటాకి ఇబ్బంది వచ్చే ఛాన్స్ పెరుగుతుంది.

నోటీస్ బోర్డు పద్ధతి: ఫిక్స్‌డ్ స్లాట్లు

నాకు బాగా నచ్చే పద్ధతి ఇది. ఎగ్జామ్ సెంటర్ గుర్తుతెచ్చుకోండి. గేటు దగ్గర నోటీస్ బోర్డు మీద "ఈ నంబర్ నుంచి ఈ నంబర్ దాకా రూమ్ 3" అని లిస్ట్ అంటిస్తారు కదా. పిల్లల్ని బ్యాచ్‌లు చేశారనుకోండి. మీ హాల్ టికెట్ నంబర్‌ని బట్టి మీరు ఏ బ్యాచో ఫిక్స్, అది ఎప్పటికీ మారదు. ఏ బ్యాచ్ ఏ రూమ్‌లో అన్నది మాత్రం లిస్ట్‌లో ఉంటుంది. చివరి నిమిషంలో ఇంకో రూమ్ తెరిస్తే కొన్ని బ్యాచ్‌లని అటు పంపి లిస్ట్‌లో ఆ లైన్లు మారుస్తారు. మిగతా పిల్లలు కూర్చున్నచోటు నుంచి లేవక్కర్లేదు.

రెడిస్ క్లస్టర్ అచ్చం ఇలాగే పనిచేస్తుంది. మొత్తం 16384 స్లాట్లు ఉంటాయి. కీని సీఆర్‌సీ16 అనే ఫంక్షన్‌లో వేసి, వచ్చిన నంబర్‌ని 16384తో భాగిస్తే శేషమే స్లాట్. అవును, ఇక్కడా శేషమే! కానీ భాగించేది సర్వర్ల సంఖ్యతో కాదు, ఎప్పటికీ మారని సంఖ్యతో. తేడా అంతా అక్కడే ఉంది. ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో "హలో" అనే కీ ఎప్పుడైనా, ఏ క్లస్టర్‌లోనైనా 866వ స్లాట్‌లోనే పడుతుంది.

3 మాస్టర్ నోడ్‌లు ఉంటే పంపకం ఇలా ఉంటుంది.

- నోడ్ ఏ: 0 నుంచి 5460
- నోడ్ బీ: 5461 నుంచి 10922
- నోడ్ సీ: 10923 నుంచి 16383

నాలుగో నోడ్ డీ వస్తే ఒక్కొక్కరికి 4096 స్లాట్లు రావాలి. అంటే పాత ముగ్గురి నుంచి కలిపి 4096 స్లాట్లు డీకి వెళ్తే చాలు. 25 శాతమే కదులుతుంది, అది ఎలాగూ కదలాల్సిందే.

16384 అనే నంబర్ ఎందుకు? నోడ్‌లు ఒకదానికొకటి "నేను బతికే ఉన్నా" అని మెసేజ్‌లు పంపుకుంటూ ఉంటాయి. ఆ మెసేజ్‌లోనే తన దగ్గరున్న స్లాట్ల లిస్ట్ కూడా పంపుతాయి, స్లాట్‌కి ఒక బిట్ చొప్పున. 16384 బిట్లు అంటే 2 కేబీ. 65536 స్లాట్లు పెట్టి ఉంటే అదే 8 కేబీ అయ్యేది, ప్రతి మెసేజ్‌లోనూ. వెయ్యి మాస్టర్లకి మించి క్లస్టర్ పెంచే ఉద్దేశం లేదు కాబట్టి 16384 సరిపోతుందని రెడిస్ తయారుచేసిన సాల్వటోర్ సాన్‌ఫిలిప్పో వివరించారు. కౌచ్‌బేస్‌లోనూ ఇలాంటి ఐడియానే, అక్కడ వాటిని వీబకెట్లు అంటారు.

యాప్ ఆగకుండా స్లాట్‌ని కదపడం

లిస్ట్‌లో లైన్ మార్చడం సెకను పని. కానీ ఆ స్లాట్‌లో లక్షల కీలు ఉండొచ్చు. అవి ఏ నుంచి డీకి వెళ్లేలోపు యూజర్లు అడుగుతూనే ఉంటారు. సగం ఇక్కడ, సగం అక్కడ ఉన్న టైమ్‌లో ఎవరు జవాబు చెప్పాలి? అసలు చిక్కంతా ఇక్కడే.

స్లాట్ 866ని ఏ నుంచి డీకి పంపుతున్నాం అనుకుందాం.

1. ముందు డీకి చెప్తారు: "866 నీ దగ్గరికి వస్తోంది, రెడీగా ఉండు."
2. తర్వాత ఏకి చెప్తారు: "866 నీ దగ్గర నుంచి వెళ్తోంది."
3. కీలని కొన్ని కొన్నిగా డీకి కదుపుతారు. ఈ టైమ్‌లో 866లోని కీ కోసం ఎవరైనా ఏని అడిగితే, కీ ఇంకా తన దగ్గరే ఉంటే ఏ జవాబిస్తుంది. లేకపోతే "ఆస్క్" అంటూ డీ వైపు చూపిస్తుంది. అందుకే కొత్తగా పుట్టే కీలు కూడా నేరుగా డీలోనే పుడతాయి, ఏలో పెరగవు.
4. అన్నీ వెళ్లాక "866 ఓనర్ ఇక డీ" అని రాస్తారు. ఆ తర్వాత కూడా ఎవరైనా ఏని అడిగితే "మూవ్డ్" అని జవాబొస్తుంది.

ఆస్క్‌కి, మూవ్డ్‌కి తేడా ఇంటర్వ్యూలో అడిగితే ఇలా చెప్పండి. ఆస్క్ అంటే "ఈ ఒక్కసారికి అక్కడ అడుగు, నీ లిస్ట్ మార్చుకోకు." మూవ్డ్ అంటే "ఇల్లు మారిపోయారు, అడ్రస్ కొత్తగా రాసుకో." ఇల్లు షిఫ్ట్ అవుతున్న రోజు పాత ఇంటి ఓనర్ చెప్పే మాట మొదటిది, షిఫ్ట్ అయిపోయాక చెప్పే మాట రెండోది.

ఇక్కడ జాగ్రత్తపడాల్సినవి మూడు.

మొదటిది పెద్ద కీలు. ఒక కీ కదిలేటప్పుడు అది రెండు చోట్లా ఉండకూడదు, ఎక్కడా లేకుండానూ పోకూడదు. అందుకని ఆ కీ వెళ్లేంతసేపు రెండు నోడ్‌లూ వేరే పని చేయకుండా ఆగుతాయి. చిన్న కీ అయితే తెలియనే తెలియదు. లక్షల ఐటమ్‌లున్న ఒకే కీ అయితే మాత్రం యూజర్లకి తెలిసిపోతుంది.

రెండోది, కొత్త నోడ్ ఖాళీగా వస్తుంది. క్లస్టర్‌లో కలిపితే చాలు, స్లాట్లు వాటంతటవే వచ్చేస్తాయి అనుకుంటారు చాలామంది. రావు. రీషార్డ్ గానీ రీబ్యాలెన్స్ గానీ మనమే నడపాలి. రీబ్యాలెన్స్ కూడా ఖాళీ మాస్టర్లని లెక్కలోకి తీసుకోదు, వాటినీ కలపమని ఆప్షన్ ఇవ్వాలి.

మూడోది, కదలిక మధ్యలో ఆగిపోవడం. రీషార్డ్ నడుపుతున్న ల్యాప్‌టాప్ ఆఫ్ అయిందనుకోండి, స్లాట్ సగంలో తెరిచే ఉండిపోతుంది. అందుకే పని అయ్యాక చెక్ కమాండ్ కొట్టి, 16384 స్లాట్లకీ ఓనర్ ఉన్నాడో లేదో చూసుకోవాలి. డిఫాల్ట్ సెట్టింగ్‌లో ఒక్క స్లాట్‌కి ఓనర్ లేకపోయినా క్లస్టర్ మొత్తం క్వెరీలు తీసుకోవడం ఆపేస్తుంది.

కసాండ్రాలో ఇంకో రకం మెలిక ఉంది. కొత్త నోడ్ చేరినప్పుడు దాని వాటా డేటా స్ట్రీమ్ అయి వస్తుంది. కానీ పాత నోడ్‌లు తమ దగ్గరున్న ఆ పాత కాపీని డిలీట్ చేయవు. నోడ్ పూర్తిగా చేరాక పాత నోడ్‌లలో క్లీనప్ కమాండ్ నడపాలి. "నోడ్ కలిపాం, అయినా డిస్క్ ఖాళీ కాలేదేంటి?" అనే ప్రశ్నకి చాలాసార్లు జవాబు ఇదే.

లిస్ట్ ఎవరి దగ్గర ఉండాలి?

నోటీస్ బోర్డు లిస్ట్ చిన్నదే, కానీ అది తప్పితే అంతా తప్పినట్టే. ప్రధానంగా రెండు దారులున్నాయి.

ఒకటి, అందరి దగ్గరా ఉండటం. రెడిస్ క్లస్టర్, కసాండ్రాలో నోడ్‌లు ఒకదానికొకటి చెప్పుకుంటూ లిస్ట్‌ని పాకిస్తాయి. దీన్నే గాసిప్ అంటారు. ఊళ్లో కబురు పాకినట్టే. నడిపించే పెద్ద ఒక్కరంటూ ఉండరు కాబట్టి ఆ ఒక్కరు పడిపోతారన్న భయం లేదు. కానీ కబురు అందరికీ చేరడానికి కాస్త టైమ్ పడుతుంది. ఆలోగా ఇద్దరు "866 నాదే" అంటే? రెడిస్‌లో ప్రతి మాస్టర్‌కీ కాన్ఫిగ్ ఎపాక్ అనే నంబర్ ఉంటుంది. ఎవరి నంబర్ పెద్దదైతే వాళ్ల మాటే చెల్లుతుంది.

రెండోది, లిస్ట్ కోసం ప్రత్యేకంగా కొన్ని మెషీన్లు పెట్టడం. మోంగోడీబీలో కాన్ఫిగ్ సర్వర్లు, టైడీబీలో ప్లేస్‌మెంట్ డ్రైవర్ ఈ పనే చేస్తాయి. లిస్ట్ ఒకేచోట కచ్చితంగా ఉంటుంది. కానీ ఆ మెషీన్లని కంటికి రెప్పలా చూసుకోవాలి, వాటికీ కాపీలు ఉండాలి.

సమంగా పంచితే సరిపోతుందా? ఫోర్‌స్క్వేర్ కథ

ఎక్కడికి వెళ్తే అక్కడ చెక్-ఇన్ కొట్టే యాప్ ఫోర్‌స్క్వేర్ గుర్తుందా? 2010 అక్టోబర్ 4న అది దాదాపు 11 గంటలు ఆగిపోయింది. ఏం జరిగిందో మోంగోడీబీ తయారుచేసినవాళ్లు తర్వాత బహిరంగంగా వివరించారు.

చెక్-ఇన్ డేటా యూజర్ ఐడీ ప్రకారం 2 షార్డ్‌లలో ఉండేది. ఒక్కో మెషీన్‌లో 66 జీబీ ర్యామ్. డేటా మొత్తం ర్యామ్‌లో పట్టాలన్నది ప్లాన్. కానీ యూజర్లు అందరూ ఒకేలా చెక్-ఇన్ చేయరు కదా. ఒక షార్డ్ 50 జీబీ దగ్గర ఉంటే ఇంకోటి 67 జీబీకి చేరింది. ర్యామ్ దాటిన ఆ కాస్త డేటా డిస్క్ నుంచి రావాల్సి వచ్చేసరికి ఆ షార్డ్ నెమ్మదించింది, దానితో సైట్ మొత్తం పడిపోయింది.

వెంటనే మూడో షార్డ్ కలిపారు, 5 శాతం డేటా అటు కదిపారు. అయినా లాభం లేదు! ఎందుకంటే ఒక్కో చెక్-ఇన్ రికార్డ్ సుమారు 300 బైట్లు, ర్యామ్ పేజీ 4 కేబీ. 5 శాతం రికార్డులు తీసేస్తే ప్రతి పేజీలో చిన్న చిన్న ఖాళీలు వచ్చాయి తప్ప పూర్తి పేజీలు ఖాళీ కాలేదు. డేటాని మళ్లీ దగ్గరికి సర్దితే గానీ ర్యామ్ దొరకలేదు.

ఇందులో మనకి పనికొచ్చే మాట ఒక్కటే: స్లాట్లు కదపడం కూడా పనే. దానికీ ర్యామ్, సీపీయూ, నెట్‌వర్క్ కావాలి. గిన్నె పొంగిపోతున్నప్పుడు ఇంకో గిన్నెలోకి వంపుదామంటే చేతులు కాలతాయి. సగం నిండినప్పుడే రెండో గిన్నె పెట్టుకోవాలి.

ఇంకో సంగతి. స్లాట్లు సమంగా ఉన్నంత మాత్రాన లోడ్ సమంగా ఉండదు. ఒకే ఒక్క కీని కోట్లమంది అడిగితే ఏ పంపకమూ కాపాడలేదు, ఎందుకంటే కీని ముక్కలు చేయలేం. డిస్కార్డ్‌నే చూడండి. కసాండ్రాలో మెసేజ్‌లని ఛానల్ ఐడీ ఒక్కదాని ప్రకారం పెడితే పెద్ద ఛానళ్ల పార్టిషన్ పెరుగుతూనే పోతుంది. అందుకని ఛానల్ ఐడీకి 10 రోజుల టైమ్ బకెట్‌ని కూడా కలిపారు. సైజు సమస్య తీరింది. కానీ పెద్ద సర్వర్‌లో అందరికీ ఒకేసారి నోటిఫికేషన్ వెళ్తే అందరూ ఒకే పార్టిషన్ మీద పడటం ఆగలేదు. ఆ తర్వాత, ఒకే మెసేజ్‌ని ఒకేసారి చాలామంది అడిగితే డేటాబేస్‌ని ఒక్కసారే అడిగి అందరికీ పంచే సర్వీస్‌ని ముందు పెట్టారు. 2022లో స్కిల్లాడీబీకి మారారు.

నోడ్ కలిపే ముందు నా చెక్‌లిస్ట్

- కీ నుంచి నోడ్‌కి లెక్క ఎలా వెళ్తోంది? మధ్యలో మారని స్లాట్ ఉందా, లేక నోడ్‌ల సంఖ్యతో భాగిస్తున్నారా? కోడ్ తెరిచి చూడాలి, ఎవరినో అడిగి వదిలేయొద్దు.
- ఎన్ని స్లాట్లు, ఎంత డేటా కదలాలి? కాగితం మీద లెక్క వేసుకోవాలి.
- అన్నిటికంటే పెద్ద కీ ఏది? దాన్ని ముందే చిన్న ముక్కలు చేయగలమా?
- ఒకే డేటా కాపీలు ఒకే మెషీన్ మీద గానీ, ఒకే ర్యాక్‌లో గానీ పడట్లేదు కదా? పవర్ పోతే రెండూ కలిసే పోతాయి.
- ట్రాఫిక్ తక్కువ ఉన్న టైమ్‌లో, కొన్ని కొన్ని స్లాట్లుగా కదపాలి. సేల్ ముందు రోజు మధ్యాహ్నం మాత్రం వద్దు!
- అయ్యాక చెక్. కసాండ్రా అయితే క్లీనప్.

ఇంట్లోనే ట్రై చేయండి

దీనికి పెద్ద సర్వర్లు అక్కర్లేదు. మామూలు ల్యాప్‌టాప్‌లోనే వేరే వేరే పోర్ట్‌ల మీద రెడిస్‌ని క్లస్టర్ మోడ్‌లో 6 సార్లు రన్ చేయండి, 3 మాస్టర్లు, 3 రెప్లికాలు. వెయ్యి కీలు వేయండి. "హలో" కీ నిజంగా 866లోనే పడిందా చూడండి. తర్వాత ఇంకో నోడ్ కలిపి, ఒక టెర్మినల్‌లో రీషార్డ్ నడుపుతూ ఇంకో టెర్మినల్‌లో కీలు చదువుతూ ఉండండి. రీషార్డ్‌ని మధ్యలో కావాలనే ఆపేసి, చెక్ కమాండ్ ఏం చెప్తుందో చూడండి. ఒక ఆదివారం సాయంత్రం చాలు, పుస్తకంలో చదివినదానికంటే ఎక్కువ గుర్తుంటుంది.

ఆ సేల్ తర్వాత వారం మా సీనియర్ నాతోనే స్లాట్ల పద్ధతి రాయించాడు. ఆ తర్వాత ఐదో సర్వర్ కలిపిన రోజు రాత్రి 2 గంటలకి గ్రాఫ్ చూస్తూ కూర్చున్నాం. గీత కొంచెం పైకి లేచి మళ్లీ కిందికి దిగింది, అంతే. "గిప్పుడు ఒక్క సర్వర్ కలిపినవ్ రా" అన్నాడు.

మీ కాలేజీ ప్రాజెక్ట్‌లో గానీ ఆఫీస్‌లో గానీ ఇలాంటి అనుభవం ఉంటే కామెంట్‌లో రాయండి. రెడిస్ ట్రై చేస్తున్నప్పుడు ఎక్కడైనా ఆగిపోతే అది కూడా అడగండి, తెలిసినంత వరకు చెప్తా.